ఇరవై ఆరేళ్ళ గొంతు

కిటికీ గూట్లో ఎండకు పేర్చిన బ్యాటరీల్లోంచి బాగా నీరసించిన రెండింటిని ఏరి పెంచలయ్య జేబులో వేసుకున్నాడు. అయిపోయిన బ్యాటరీ పారేసే అలవాటు అతనికి లేదు. నాలుగు రోజులు ఎండబెడితే ఏదైనా ఇంకో పావుగంట బతుకుతుందని, కంపెనీలు ఈ సంగతి దాచిపెడుతున్నాయని అతని అనుమానం.

మస్కట్ శివారు ఘాలాలో బస్సెక్కి హోటల్ చేరేలోగా డ్రైవరు ఏసీ కావాలనే తగ్గించాడనీ, పక్క సీటువాడు నిద్ర నటిస్తున్నాడనీ తేల్చుకున్నాడు. అసలు అనుమానం మాత్రం గ్లెన్ సార్ మీద.

గ్లెన్ సార్ కెనడా మనిషి. అరవై మూడేళ్ళు. ఆరేళ్ళుగా ఆ హోటల్లో శుక్రవారం మధ్యాహ్నం భోజనాల దగ్గర రాక్ పాటలు పాడతాడు. సౌండ్ చూసేది పెంచలయ్య. గిటారు, మైకు, లాప్‌టాప్ సంగీతం అన్నీ గ్లెన్ సార్ పక్కనున్న పెట్టెలో కలిసిపోయి ఒక్క వైరుగా ఇతని దగ్గరికొస్తాయి. ఏది ఏదో తెలీదు.

"పాట కొసన పైకెక్కే ఆ పైగొంతు ముసలాయనది కాదు, లాప్‌టాప్‌ది," అన్నాడు నిన్న మేనేజరు తహ్సీన్. హైదరాబాదువాడు. "పక్కాగ తెల్సుకో మియా. నిజమైతే ఈ నెలతోనే ఖతం. కొత్త కాంట్రాక్టు ఇయ్య."

"నేనెట్ల కనుక్కునేది సార్?"

"నీకు చెప్పాల్నా? దునియాల అందరి మీద డౌటు నీకే గదా!"

తన చరిత్ర గ్లెన్ సారే వందసార్లు చెప్పాడు. పదిహేడేళ్ళకు హామిల్టన్ అనే ఊళ్ళో క్లబ్బు బ్యాండు. మంచులో క్లబ్బు నుంచి క్లబ్బుకి ఒకే వ్యానులో ఐదుగురు, డ్రమ్ములకు ఆనుకుని నిద్ర. నాలుగు బ్యాండులు విడిపోయాయి. ఐదోది ఒక రికార్డు చేసింది, ఒక ఎండాకాలమంతా రేడియోలో మోగింది. రెండో రికార్డు ఎందుకు రాలేదు? తర్వాత ఓడల్లో, బహ్రెయిన్‌లో, చివరికి మస్కట్‌లో. అంత గొప్పవాడు బిర్యానీ పళ్ళాల పక్కన ఎందుకు పాడతాడు? పెంచలయ్యకు ఏదీ అతకలేదు.

పాట మొదలవకముందే జేబులోని నీరసం బ్యాటరీలు గ్లెన్ సార్ వైరులేని మైకులో వేశాడు.

మూడో పాట కొసకెక్కుతుండగా మైకు లైటు ఆరిపోయింది. గ్లెన్ సార్ గొంతు టక్కున తెగింది. పైగొంతు మాత్రం ఆగలేదు. కింద ఏ ఆసరా లేకుండా హాలంతా ఎగిరింది. గ్లెన్ సార్ మైకు దించేసి, నోరు మూసుకుని విన్నాడు. శనగల హమ్మూస్ అయిపోయిందని ఎవరో కేకేశారు.

పాట అయి విరామం రాగానే పెంచలయ్య దొంగ దొరికిన సంబరంతో స్టేజి వెనక్కి వెళ్ళి, తనకొచ్చిన ఇంగ్లీషులో అడిగాడు.

"ఆ వాయిస్ ఎవరిది సార్?"

"నాదే. ఇరవై ఆరేళ్ళప్పటిది. ఆ రికార్డులోంచి తీశాను. రెండేళ్ళుగా అంత పైకి పోలేకపోతున్నా." గ్లెన్ సార్ మైకు విప్పి చూశాడు. "ఈ బ్యాటరీలు ఎవరివి?"

"నావే సార్."

"పాతవా?"

"ఎండబెట్టినా సార్."

గ్లెన్ సార్ చాలాసేపు నవ్వాడు. "నా ఈ ముసలి గొంతు లేకుండా దాన్ని హాల్లో వినడం ఇదే మొదలు పెంచల్. బాగా పాడేవాణ్ణి."

తహ్సీన్‌కు మెసేజ్ పెడదామని పెంచలయ్య ఫోను తీశాడు. వాట్సాప్ గుండ్రంలో తన ప్రొఫైల్ ఫొటో. పద్నాలుగేళ్ళ కిందటిది, తలనిండా జుట్టు. కాసేపు దాన్నీ అనుమానంగా చూసి, ఫోను జేబులో పెట్టి తహ్సీన్ ఆఫీసుకు నడిచాడు.

"పాడేది ఆయనే సార్."

"పైగొంతు?"

"అదీ ఆయనదే. మా ఒంటిమిట్ట రాముని తోడు."

ఇంత నికార్సైన నిజం అతను ఎన్నడూ చెప్పలేదు, అందుకే తహ్సీన్‌కు నమ్మకం కుదరలేదు. అయినా అందరినీ అనుమానించేవాడే ఒట్టేశాక చేసేదిలేక కాంట్రాక్టు మీద సంతకం గీకి, "పో, పిలుచుకురా" అన్నాడు.

స్టేజి ఖాళీ. గిటారు లేదు. పళ్ళాలు తీస్తున్న కడప ఖాదర్‌వలి తలెత్తాడు.

"ఆయప్ప పాయె గదన్నా! ఇంగ పాడనని రిసెప్షన్లో కాయితం రాసిచ్చి ట్యాక్సీ ఎక్కినాడు. ఏం జేస్తివి నువ్వు?"

"నేనేం జేసినా? కాపాడితి గదరా!"

ఖాదర్‌వలి నమ్మినట్టు కనబడలేదు.

పెంచలయ్య వైర్లు చుట్టడం మొదలుపెట్టాడు. స్పీకరు వెనక, భోజనాలవాళ్ళకు కనబడని చోట, గ్లెన్ సార్ మరిచిపోయిన కళ్ళజోడు ఉంది, లాప్‌టాప్ చూసుకోడానికి చాటుగా పెట్టుకునేవాడు కాబోలు. ఆరేళ్ళు గ్లెన్ సార్ ఎదురుగా కూర్చున్నాడు గాని, ఆయనకు చూపు ఆనదన్న అనుమానం అతనికి ఒక్కసారీ రాలేదు. లావు అద్దాలు, విరిగిన కాడకు చుట్టిన గిటారు తీగ, ముక్కు ఆనేచోట ఇంకా ఆరని చెమట.