తామరపువ్వులో ముత్యాలయ్య

విడవలూరు సెంటర్లో 'పెంచలకృష్ణ వీడియోస్' అంటే తెలియనివాళ్ళు లేరు. చుట్టుపక్కల జాలర్ల పాళెంలలో ముప్పై ఏళ్ళుగా జరిగిన పెళ్ళిళ్ళు ముప్పాతిక వంతు ఆయన టేపుల్లోకి ఎక్కినవే. ఆయన కంప్యూటర్‌కు ఇరవై ఏళ్ళు దాటాయి. అందులో ఉన్నది పాత విండోస్ ఎక్స్‌పీ, ఆ ఎక్స్‌పీలో ఒక మిక్సింగ్ సాఫ్ట్‌వేర్. డబ్బా వెనక బొటనవేలంత తాళం గుచ్చితేనే ఆ సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుంది. ఇప్పుడొచ్చే కంప్యూటర్లలో ఆ తాళం గుచ్చడానికి చోటే లేదు. మరి ఆయన కొత్తది ఎందుకు కొంటాడు చెప్పండి?

"నెట్టు పెట్టలా, కాబట్టి అప్‌డేట్ అడగదు. అప్‌డేట్ అడగదు, కాబట్టి చెడిపోదు. పొద్దున్నే బొత్తాం నొక్కితే రాగం తీస్తా లేస్తది. మీ ఇళ్ళల్లో ఎవురన్నా అట్టా లేస్తారా?" అని అడిగేవాడు పెంచలకృష్ణ.

ఆ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న విద్యలు ఈనాటి పిల్లలకు నవ్వు తెప్పిస్తాయేమో గానీ, పాళెంలలో వాటికి ఉన్న మర్యాద వేరు. కొబ్బరికాయ రెండుగా పగిలి అందులోంచి పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ వస్తారు. పావురాలు వాళ్ళ పేర్లు ముక్కున కరుచుకుని తెరకు ఆ కొసనుంచి ఈ కొసకు ఎగురుతాయి. అన్నిటికంటే పెద్దది తామరపువ్వు. మొగ్గ మెల్లగా విచ్చుకుంటుంది, లోపలినుంచి ఆ ఇంటి పెద్ద మొహం నవ్వుతూ పైకి వస్తుంది. ఒక పెళ్ళికి ఒకే తామరపువ్వు. అందులో ఎవరు కూర్చోవాలన్న దానిమీద అన్నదమ్ములు మాటలు మానుకున్న ఇళ్ళు కూడా ఉన్నాయి.

ఇక బంతి సంగతి. భోజనాల దగ్గర పెంచలకృష్ణకు ఒకటే నియమం: ఆకు దాటకూడదు. పందిట్లో మొదటి ఆకు నుంచి చివరి ఆకు దాకా, నెత్తిన లైటు పెట్టుకుని, ప్రతి మొహం తీసుకుంటూ పోవాల్సిందే. లైటు పడగానే జనం నమలడం ఆపి, మూతి తుడుచుకుని, పైట సర్దుకుని బిగుసుకుపోతారు. ఏ ఒక్కరిని దాటేసినా "ఏం, మేం తిన్లేదా?" అని నెలరోజులకైనా షాపు మీదికి వస్తారు. వీడియోలో లేకపోతే పిలవనట్టే లెక్క.

ఈ సామ్రాజ్యానికి ఎసరు పెట్టింది బయటివాళ్ళు కాదు, కన్నకూతురే. బిందు నెల్లూరులో చదువుకుని, ఒక కొత్త కెమెరా, పల్చటి ల్యాప్‌టాప్, తుమ్మెదలా రొదపెట్టే డ్రోనుతో వచ్చి షాపులో సగం ఆక్రమించింది.

"నాన్నా, ఇది షాపు కాదు, మ్యూజియం," అంది వచ్చిన రోజే.

ఆమెకు దొరికిన మొదటి పని పాళెంలో కామమ్మ కూతురు దుర్గ పెళ్ళి. దుర్గే పట్టుబట్టి బిందును అడిగింది. పెళ్ళికి ముందు బిందు తండ్రిని కూర్చోబెట్టి ఒప్పందం చేసుకుంది. "నువ్వు మండపం దరిదాపులకి రాకూడదు. ముఖ్యంగా ఆ లైటు వెయ్యనే కూడదు, నా షాట్లన్నీ తెల్లగా పాలిపోతాయి. నా సినిమా జనాలకు నచ్చితే నీ డబ్బాను పాత సామాన్ల బండికి వేసేద్దాం. నచ్చకపోతే జన్మలో దాని జోలికి రాను."

పెంచలకృష్ణ ఒప్పుకున్నాడు. కూతురి మొదటి పని కదా, కాదంటే బాగుంటుందా! కానీ అలవాటైన చెయ్యి ఊరుకోదు. మండపం దరిదాపులకు వెళ్ళలేదు, లైటు వెయ్యలేదు. భోజనాల పందిట్లో మాత్రం పాత టేపు కెమెరా తీసి, ఒక పక్కగా నిలబడి, ఎవరూ అడగకుండానే ఆకు ఆకూ తీసుకుంటూ పోయాడు. రెండు టేపులు నిండాయి. వాటిని తెచ్చి సొరుగులో పడేసి ఎవరికీ చెప్పలేదు.

బిందు సినిమా వారంలో వచ్చింది. నాలుగంటే నాలుగు నిమిషాలు. పైనుంచి సముద్రం, ఇసుక మీద పందిరి, దుర్గ కళ్ళు, పారాణి పాదాలు, పెళ్ళికూతుర్ని మోసుకొచ్చే గంప అంచు, నవ్వు. ఫోన్లలో ఊరంతా తిరిగింది. ముక్కూమొహం తెలియనివాళ్ళు కూడా బాగుందని మెచ్చుకున్నారు. పెంచలకృష్ణ రెండుసార్లు చూసి, "ఏందమ్మా, మొదలుకాకముందే అయిపోయిందే?" అన్నాడు. కానీ మాట మాటే. ఆదివారం బండి రమ్మని కబురు పెట్టాడు. శుక్రవారం పొద్దున కంప్యూటర్‌ను తడిగుడ్డతో తుడుస్తూ ఉన్నాడు. అత్తారింటికి పంపే పిల్లకు తల దువ్వినట్టే ఉంది ఆయన పని.

అప్పుడే కామమ్మ వచ్చింది, పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని.

"అన్నా, మా అన్న పదహార్రోజుల పండక్కి రాడంట. సోమవారమే గదన్నా పండగ! ఆయన రాకుంటే నా బిడ్డకు చీర పెట్టేదెవురు?"

కామమ్మ అన్న ముత్యాలయ్య. దుర్గ నడక నేర్వకముందే తండ్రి పోతే, బిడ్డను భుజాన వేసుకుని పెంచిందీ, చదివించిందీ, మొన్న గంపలో కూర్చోబెట్టి మండపానికి మోసుకొచ్చిందీ ఆ మేనమామే. సముద్రమంటే లెక్కలేనివాడు గానీ దుర్గ తుమ్మితే మాత్రం కంగారుపడేవాడు. దుర్గకు చెవులు కుట్టించినప్పుడు పెంచలకృష్ణ తీసిన డిస్కును ఇప్పటికీ ప్రతి పండగకూ పెట్టుకుని చూస్తాడు. దాని కోసమే ఇంట్లో పాత ప్లేయరు, డబ్బా టీవీ పారెయ్యకుండా ఉంచాడు.

"ఏం జరిగిందమ్మా?"

"ఏం జరిగిందా! ఒడ్డున వలలు సర్దుకుంటా సినిమా చూసినారంట. గంప కాడ దుర్గ మొహం తళతళా మెరస్తా ఉండాది, వెనకమాల మా అన్న మొహం మాత్రం మసగ్గా ఉండాది. ఆ చిన్నపోలయ్య నోరు ఊరుకుంటదా? 'ఏందన్నా, టీవీలో దొంగోళ్ళకి మసకేసినట్టు నీకూ ఏసినారే, ఏం దొంగతనం చేసినావ్' అన్నాడంట. అందరూ నవ్వినారంట. అంతే! 'మొహం లేనోడ్ని, ఏ మొహం పెట్టుకోని వచ్చేది' అని కూర్చోనుండాడు. రెండు రోజుల్నించి అన్నం సరిగ్గా తిన్లా."

నిజం చెప్పుకోవాలంటే, ఆ మాట వినగానే పెంచలకృష్ణ లోపల తారాజువ్వ ఒకటి సర్రున లేచింది. ఆదివారం బండి ఖాళీగా పోవాల్సిందే! అని తిరిగి చూస్తే, ల్యాప్‌టాప్ ముందు బిందు తెల్లబోయి కూర్చుంది. ఆ మొహం చూడగానే తారాజువ్వ ఆరిపోయింది.

"అది తప్పు కాదు అత్తా, అట్టా తీస్తే అందంగా ఉంటదని కావాలనే తీస్తాం. వెనకున్నది మసగ్గా ఉంటేనే ముందున్నది..." బిందు లేచి చెప్పులు వేసుకుంది. "నేను పోయి చెప్తా మామకి."

వెళ్ళింది. గంటలో తిరిగొచ్చింది. "కావాలనే చేసినావా? దాపరికం లేకుండా ఒప్పుకున్నావు, మంచిది తల్లీ" అని ముత్యాలయ్య వల అల్లుకుంటూ అటు తిరిగి కూర్చున్నాడట.

పోయినచోటే వెతుక్కోవాలి కదా. బిందు ల్యాప్‌టాప్ తెరిచింది. మసక మొహాలను బాగుచేసే సాఫ్ట్‌వేర్ ఏదో కొత్తగా వచ్చిందట. దానికి ముత్యాలయ్య బొమ్మ ఇస్తే నిమిషంలో మొహం తేటగా తీర్చి ఇచ్చింది. కామమ్మ, పెంచలకృష్ణ చెరో పక్కనుంచి తొంగిచూశారు. ముడతల్లేని బుగ్గలు, మీసం లేని మూతి, ముప్పై రెండు పళ్ళూ వరసగా తెల్లగా!

"ఎవురయ్యా ఈన?" అంది కామమ్మ నిజంగానే అయోమయంగా. "మా అమ్మకు మేమిద్దరమే గదా!"

ముగ్గురికీ ఒక్కసారే నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ బిందు ఏడ్చేసింది. "మొదటి పెళ్ళి నాన్నా. మొదటి పెళ్ళికే ఒక ఇంటిని విడగొట్టినా."

పెంచలకృష్ణ సొరుగు తీసి రెండు టేపులూ బల్లమీద పెట్టాడు. బిందు వాటి వంక, తండ్రి వంక చూసింది.

"లైటు వెయ్యలేదమ్మా. మాట తప్పలా," అన్నాడాయన దొంగలా.

"మామ ఉండాడా ఇందులో?"

"ఉండాడా అంటావేంది! బంతి బంతికీ ఉండాడు."

టేపు ల్యాప్‌టాప్‌లోకి ఎక్కదు. టేపు కెమెరా వైరు గుచ్చే చోటు పాత డబ్బాకే ఉంది. బొత్తాం నొక్కగానే రాగం తీస్తూ లేచింది, తనను బండికి వెయ్యబోయారన్న కోపమేమీ లేకుండా. టేపులు ఎక్కించడానికి రెండు గంటలు, ముక్కలు ముడిపెట్టడానికి ఒక పూట, అదంతా ఒక్క వీడియోగా వండి డిస్కు చెయ్యడానికి ఇంకో రోజు. మధ్యలో వేడెక్కకుండా పక్కన టేబుల్ ఫ్యాను పెట్టి కాపలా కాసింది బిందు. తామరపువ్వు దగ్గరికి వచ్చేసరికి తండ్రి మౌస్ ఆమె చేతికిచ్చాడు.

"నువ్వే కూర్చోబెట్టు ఆయన్ని."

బిందు మొగ్గ మీద నొక్కింది. అది విచ్చుకుంటుంటే, ఎప్పుడూ నవ్వే పిల్ల ఈసారి నవ్వలేదు.

ఆదివారం సాయంత్రం తండ్రీకూతుళ్ళు ముత్యాలయ్య ఇంటికి వెళ్ళారు. ఆయన తల ఎత్తలేదు.

"మా ఇంట్లో ప్లేయరు చెడిపోయింది ముత్యాలయ్యా," అని అనాయాసంగా అబద్ధమాడాడు పెంచలకృష్ణ. "ఈ డిస్కు ఆడతదో లేదో ఒకసారి నీ దాంట్లో చూసుకోని పోతా."

వాకిట్లో టీవీ పెట్టేసరికి పాళెం సగం చేరింది. పావురాలు ఎగిరాయి, కొబ్బరికాయ పగిలింది, పిల్లలు ఈలలు వేశారు. ఇక బంతి మొదలైంది. "అదో నాగులమ్మ! ఆ అప్పడం చూడు, రెండోది!" "చిన్నపోలయ్యా, నువ్వు రెండు బంతుల్లోనూ కూర్చున్నావే!" దొరికిపోయిన చిన్నపోలయ్య జనం వెనక్కి జరిగాడు. ప్రతి బంతిలోనూ ముత్యాలయ్యే. సాంబారు బకెట్టుతో ముత్యాలయ్య, వద్దంటున్న ఆకులో బూరె వేస్తున్న ముత్యాలయ్య, ముసలామెకు మంచినీళ్ళ గ్లాసు పట్టుకున్న ముత్యాలయ్య.

అప్పుడు తామరపువ్వు విచ్చుకుంది. మీసంతో, ముడతలతో, చెమటపట్టిన నుదుటితో, నవ్వుతూ వచ్చాడు. పాళెమంతా చప్పట్లు కొట్టింది. ముత్యాలయ్య కదల్లేదు.

చివరి బంతిలో దుర్గ కూర్చుంది. మేనమామ ఎదురుగా గొంతుక్కూర్చుని, పప్పన్నంలో నెయ్యి కలిపి ముద్ద నోట్లో పెట్టాడు. దుర్గ చిన్నప్పటి అలవాటు మానకుండా ఆయన వేలు కొరికింది. ఆయన చెయ్యి విదిలించి, పకపకా నవ్వి, ఆ నవ్వులోనే భుజం మీది తువ్వాలుతో కళ్ళొత్తుకున్నాడు. టీవీ ముందున్న ముత్యాలయ్య కూడా తువ్వాలు కోసం భుజం తడుముకున్నాడు.

డిస్కు అయిపోయింది. ముత్యాలయ్య బిందు వైపు తిరిగాడు.

"అమ్మాయ్ బిందూ, నీ సినిమా ఇంకోసారి చూపీ."

బిందు భయపడుతూ ఫోను ఇచ్చింది. ఆయన కళ్ళు చికిలించి చూస్తూ చూస్తూ గంప దగ్గర ఆపమన్నాడు. "ఇది నా చెయ్యి గదా?" గంప అంచున, వల మోకు కోసిన పాత మచ్చతో సహా, ఒక్కో గీతా లెక్కపెట్టేంత తేటగా ఉంది చెయ్యి. ఆయన చూపుడువేలిని దుర్గ చిన్నపిల్లలా గుప్పిట్లో పట్టుకుని ఉంది.

"మీదే మామా. అంతమందిలో నాకు ఆ చెయ్యే కనపడింది. దాన్ని చూపించాలనే తీసినా. మీ మొహం మసకైందని... చూసుకోలా. తప్పే."

ముత్యాలయ్య తన చెయ్యి తిప్పి ఒకసారి చూసుకున్నాడు. "నా మొహం వెతుక్కుంటా దీన్ని చూడనే లేదమ్మా," అన్నాడు. తర్వాత లోపలున్న భార్యకు కేకేశాడు. "మేయ్, రేపటికి నా తెల్లచొక్కా ఇస్త్రీ చేయించు!"

పెంచలకృష్ణ కూడా ఆ ఫోను తీసుకుని చూశాడు. ముప్పై ఏళ్ళలో ఎన్ని వేల మొహాలు తీశాడో! ఒక చేతిని ఇలా ఎన్నడూ తియ్యలేదు. కూతురి మీద గర్వం పొంగుకొచ్చి, పైకి మాత్రం "నాలుగే నిమిషాలు, మరీ తక్కువ గానీ, బాగానే తీసినావ్," అన్నాడు.

పాత సామాన్ల బండి ఆ పొద్దునే వచ్చి, రెండు విరిగిన కుర్చీలు వేసుకుని పోయింది.

సోమవారం పదహార్రోజుల పండగ. మధ్యాహ్నం పందిట్లో టార్పాలిన్ కింద చీకటిగా ఉంది. ఆకులు వేశారు, జనం కూర్చున్నారు. పెంచలకృష్ణ ఒప్పందం గుర్తుండి ఒక పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బిందు సంచిలోంచి ఏదో తీసి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. చూస్తే ఆయన లైటే. గాజు తుడిచి, కొత్త వైరు వేసి ఉంది.

"ఏంది చూస్తావు నాన్నా? బంతి మొదలైంది. లైటెయ్యి."

ఆయన నెత్తిన లైటు పెట్టుకుని, భుజానున్న పాత కెమెరా తీసి బొత్తాం నొక్కాడు. మొదటి ఆకు ముందు తెల్లచొక్కా వేసుకున్న ముత్యాలయ్య నమలడం ఆపి, మూతి తుడుచుకుని, కెమెరాలోకి సూటిగా చూశాడు.