ఎండిన బోరులోకి పైపు

మా వీధిలో ఒకే వారంలో ఆరుగురు పిల్లలకు వాంతులు, బేదులు పట్టుకున్నాయి. అప్పుడు పొదుపు సంఘం లీడరు చౌడేశ్వరక్క ఆడవాళ్లందరినీ అంగన్‌వాడీ ముందు కూర్చోబెట్టింది. ఇంటింటికీ పోయి మరుగుదొడ్డి ట్యాంకులు చూడాలంది. ఎవరిది నిండింది, ఎవరిది పగిలింది, నీళ్లు కొట్టుకునే బోరింగుకు ఎంత దూరంలో ఉంది, అన్నీ రాయాలంది. తొమ్మిదో తరగతి సగంలో మానేసిన నేనే ఆ గుంపులో ఎక్కువ చదివినదాన్ని. నోటుబుక్కు నా చేతికొచ్చింది. పెళ్లయ్యాక నేను పెన్ను పట్టింది పాప టీకాల కార్డు దగ్గరే. ఆ రోజు పాపను చంకనేసుకుని, ఆఫీసరులాగా నడిచాను.

మొదటిది పక్కింటి మారెక్క ఇల్లు. ట్యాంకు మీది బండ పక్కకు జరిగి, మురికి అంచుదాకా వచ్చి ఉంది. నేను కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను.

"ఏం మారెక్కా, ఇట్ల పెట్టుకుంటే ఎట్ల? పిల్లలు తిరిగే తావు."

"ట్యాంకు లాగే బండిని పిలిపియ్యాల మే. కొడుకు బెంగళూర్లో ఉన్నాడు, కోడలు బిడ్డను ఎత్తుకోని ఆసుపత్రిలో ఉండాది. నేనొక్కదాన్నే గదా," అంది ఆమె, తల వంచుకుని బండను జరపబోతూ.

ఆమె మనవరాలు అప్పటికి రెండు రోజులుగా అనంతపురంలో గ్లూకోజు మీద ఉంది. అది తెలిసి కూడా నేను పుస్తకంలో 'నిండిపోయింది, నిర్లక్ష్యం' అని రాశాను. రెండో మాట రాయమని నాకెవరూ చెప్పలేదు.

మూడో రోజు, రాప్తాడు నుంచి ట్యాంకులు లాగే బండి యేసన్నను పిలిపించారు. ఎన్నాళ్లకొకసారి లాగించాలో మాకు చెప్పడానికి.

"మూడు నాలుగేండ్లకు ఒకతూరి లాగించాలమ్మా," అన్నాడు.

"మాది ఏడేండ్లయినా నిండలేదన్నా," అన్నాను. ఎందుకన్నానో! అందరూ మెచ్చుకుంటారనుకున్నాను.

యేసన్న నావైపు తిరిగాడు. "ఇంట్లో ఎంతమంది?"

"ఐదు మంది."

"ఐదు మందికి ఏడేండ్లు నిండకుంటే, అది యాడికో పోతాండాది తల్లీ. గాల్లో అయితే కలవదు."

"వాళ్లు తినేదే తక్కువేమో లేప్పా!" అంది ఆంజినమ్మ. ఆడవాళ్లంతా పకపకా నవ్వారు. నేనూ నవ్వాను.

ఎక్కడికి పోతుందో నాకు తెలుసు.

ఇల్లు కట్టిన ఏడాది మా ఆయన రామాంజనేయులు ఇంటి వెనక బోరు వేయించాడు. ఐదు వందల ఎనభై అడుగులు దించినా దుమ్మే లేచింది. కొన్నాళ్లకు ట్యాంకు పైపును తెచ్చి ఆ బోరు గొట్టంలోకి దించి, పైన బండ వేశాడు. "నీళ్లియ్యని బోరు దీనికన్నా పనికొచ్చె," అన్నాడు. నేను నవ్వాను. పైపు వంకరపోకుండా పట్టుకున్నది కూడా నేనే.

అక్కడి నుంచి వీధి బోరింగు ముప్పై అడుగుల దూరం కూడా ఉండదు. బోరులోకి దించిన మురికి లోపల్లోపలే దాని ఊటలోకి చేరుతుంది. సగం వీధి ఆ నీళ్లే తాగుతుంది. మా పాపకు మాత్రం అది పుట్టినప్పటి నుంచీ ఫిల్టరు నీళ్ల క్యానే తెప్పిస్తున్నాను. దానికి కాస్త ఒళ్లు వెచ్చబడితేనే నాకు ప్రాణం నిలవదు. మిగతా పిల్లలు ఏ నీళ్లు తాగుతున్నారో ఒక్కసారైనా అనుకోలేదు.

ఇంటికొచ్చి ఆయనకు చెప్పాను.

"నోరు మూసుకోని ఉండు. రేపు పైపు పీకేసి మట్టి కప్పుతా. ఎవురికీ తెలీదు."

"ఆ నీళ్లు తాగేటోళ్లకు తెలియొద్దా?"

"తెలిస్తే ఈ ఊర్లో తలెత్తుకోని తిరగలేము, హేమా."

నాకూ అదే భయం. అందుకే ఆయన్ను తిట్టలేకపోయాను.

పొద్దున బోరింగు దగ్గర మారెక్క బిందెలోకి నీళ్లు కొట్టుకుంటోంది. వెనక నలుగురు వరుసలో ఉన్నారు. నన్ను చూసి ఆమె మొహం విప్పారింది.

"బిడ్డను ఇంటికి పంపినారు మే. గంజి అడుగుతాంది. రోంత కాస్తామని."

బిందె సగం నిండింది. కాసేపాగితే నిండుతుంది, ఎత్తుకుని పోతుంది, గంజి కాస్తుంది.

"మారెక్కా, ఆ నీళ్లొద్దు."

"ఏమ్మే?"

చెప్పేశాను. బోరు, పైపు, ఏడేళ్లు, నేను పట్టుకున్నది, అన్నీ. వరుసలో ఉన్నవాళ్లు విన్నారు. ఆమె చేతిలోని పిడి కదలడం మానేసింది. తిడుతుందనుకున్నాను. కొట్టినా పడేదాన్ని.

"నా ట్యాంకు కాడ ముక్కు మూసుకుంటివి గదే," అంది.

అంతే. బిందె అక్కడే కుమ్మరించి, బడి దగ్గరి కొళాయికి నడిచిపోయింది.

మధ్యాహ్నానికి చౌడేశ్వరక్క నలుగురిని వెంటేసుకొచ్చింది. వాళ్లు చూస్తుండగా మా ఆయన పైపు కోశాడు, నావైపు తిరగకుండా. బోరింగు పిడిని తీగతో కట్టేశారు. నేను పుస్తకంలో మారెక్క పేరు పక్కన రాసిన రెండో మాట కొట్టేసి, మా ఇంటి సంగతి ఉన్నదున్నట్టు రాసి అక్కకిచ్చాను.

"ఇంకెవరికన్నా ఇయ్యక్కా దీన్ని. నాకు మొహం చెల్లదు."

అక్క చదివి, తిరిగి నా చేతిలోనే పెట్టింది. "ఎవురికియ్యాల? ఎండిన బోర్లుండే ఇండ్లు ఇంగా పది ఉండాయి. ట్యాంకు మూత చూసి వచ్చేటోళ్లు నాకొద్దు. యాడ దాస్తారో నీకే తెలుసు." నవ్వకుండా అంది.

వీధి చివర ఆంజినమ్మ గుమ్మం ముందు చాలాసేపు నిలబడ్డాను. చంకలో పాప కదులుతోంది. పిలవకముందే ఆమె బయటికొచ్చింది.

"ఆంజినమ్మక్కా, ముందు మా ఇంటి సంగతి చెప్తా, ఆ తర్వాత..."

"తెలుసులే మే, పొద్దున్నించీ ఊరంతా అదే మాట," అంది, చీర కుచ్చెళ్లు సర్దుకుంటూ. తర్వాత గొంతు తగ్గించింది. "ఎనకలకు రా. మా బోర్లో గూడా పైపుండాది."

ఆమె కూడా నా మొహం చూడలేదు.