చూసి రాసే పరీక్షకు సుభాని మాస్టారి అమ్మాయి

మా పరీక్షలో చూసి రాయొచ్చు. ఈ మాట విజయవాడలో చెబితే ఎవరూ నమ్మరు. ఎక్కాల దగ్గర్నుంచి ఎంసెట్ దాకా బట్టీ మీదే నడిచిన ఊరు మాది. ఇక్కడ పరీక్ష హాల్లో పుస్తకం తెరవడమంటే దేవుడి హుండీలో చెయ్యి పెట్టడమే.

గవర్నర్‌పేటలో ఒక లాడ్జి పై అంతస్తులో ఉండేది మా ల్యాబు. 2007లో అక్కడ నెట్‌వర్క్ సెక్యూరిటీ సర్టిఫికెట్ పరీక్షలు జరిపేవాళ్ళం. ఇన్విజిలేటర్ని నేనే. ఇది కాగితం మీద రాసేది కాదు. ఒక్కొక్కరికీ ఒక కంప్యూటరు, రెండు ఫైర్‌వాల్ బాక్సులు ఇస్తాం. ఒకటి బెజవాడ ఆఫీసు, ఇంకొకటి మైలవరం ఆఫీసు అనుకుని, ఆ రెంటి మధ్యా దొంగలు దూరని దారి వేసి చూపించాలి. బాక్సుల తాలూకు మాన్యువల్ మొత్తం కంప్యూటర్లోనే ఉంటుంది, ఎంతసేపైనా చూసుకోవచ్చు. కాకపోతే సెర్చ్ తీసేస్తాం. ఏది ఎక్కడుందో తెలియనివాడు తెరిచినా దిక్కులు చూడాల్సిందే.

ఆ రోజు వచ్చిన నలుగురిలో సాజిదా ఒకతె. ఒక ఇంటర్నెట్ కంపెనీలో ఫోన్లెత్తే ఉద్యోగం. నెట్ రావట్లేదన్నవాళ్ళకల్లా ఒకసారి ఆపి మళ్ళీ వెయ్యండని చెప్పీ చెప్పీ విసిగిపోయిందట. ఈ పరీక్ష పాసైతే అదే కంపెనీలో సెక్యూరిటీ ఇంజనీరు సీటు ఇస్తారు. కంపెనీ పంపేది ఒక్కసారే. తప్పితే మళ్ళీ ఆ ఫోన్లే గతి. ఇదంతా ఆ పిల్ల చెప్పలేదు. వెంట వచ్చిన వాళ్ళ నాన్న, నేను అడక్కుండానే చెప్పారు.

ఆయన సుభాని మాస్టారు. పదో తరగతి పరీక్షలప్పుడు స్క్వాడ్ జీపులో మైలవరం నుంచి చల్లపల్లి దాకా హడలెత్తించిన మనిషి. ఆయన జీపు మలుపు తిరిగిందంటే చాలు, బడి కిటికీల్లోంచి స్లిప్పుల వాన కురిసేదని మా పెదనాన్న చెప్పేవాడు. ఉద్యోగానికి రిటైరయ్యారు గానీ ఆ కళ్ళు రిటైరవలేదు. నన్ను కూడా ఎగాదిగా చూశారు. నాకు ఒళ్ళు మండింది. అయినా ఎందుకో నా అరచేతులు ఒకసారి చూసుకున్నాను.

మాన్యువల్ చూసుకోవచ్చని పొద్దున్నే అందరికీ చెప్పాను. ముగ్గురు వెంటనే తెరిచారు. సాజిదా మాత్రం స్క్రీన్ మీద మాన్యువల్ కిటికీని మూసేసి, అటు తల కూడా తిప్పకుండా టైపు చేసుకుంటూ పోయింది. ఏం జ్ఞాపకశక్తి అనుకున్నాను. అంతలో బండి ఆగింది. బెజవాడ బాక్సు పిలుస్తుంటే మైలవరం బాక్సు ఉలకదు, పలకదు. కొట్టిందే మళ్ళీ కొట్టింది. చెరిపి ఇంకోసారి కొట్టింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి గానీ చెయ్యి మాన్యువల్ వైపు పోదు. నాకేమో చెప్పకూడదు. నాలుక కరుచుకుని కూర్చున్నాను.

అప్పుడే అద్దాల తలుపు మీద టకటకమని చప్పుడైంది. సుభాని మాస్టారు. నన్ను వరండాలోకి పిలిచి, ఎవరికీ వినపడకుండా రహస్యం చెప్పారు. లోపల ముగ్గురు చూసి రాస్తున్నారట. నీలం చొక్కా కుర్రాడైతే మరీ బరితెగించి పుస్తకాన్ని స్క్రీన్ మీదే తెరిచి పెట్టుకున్నాడట. ముందు వాణ్ణి లేపమన్నారు. నవ్వు ఆపుకోవడానికి దగ్గు తెచ్చుకున్నాను, అది కూడా నవ్వులాగే వచ్చింది. ఇక్కడ చూడొచ్చని చెబితే నమ్మలేదు. రూల్సు కాగితం తెచ్చి చేతిలో పెడితే రెండు వైపులా చదివి, కింద సంతకం ఎవరిదో కూడా చూశారు.

తర్వాత అద్దంలోంచి కూతురి వైపు చూశారు.

"మరి మా అమ్మాయి చూడట్లేదేంటమ్మా?"

"మీ అమ్మాయి కదండీ," అన్నాను.

సాజిదా పదో తరగతి పరీక్షలప్పుడు, గదిలో గోడకి ఇండియా మ్యాపు ఉందని కూతుర్ని వేరే గదికి మార్పించింది తనేనని ఆయన మెల్లగా చెప్పారు. నాకు కోపం రావాల్సింది. జాలేసింది.

మధ్యాహ్నం భోజనాలు వరండాలో. పరీక్ష గురించి బయటివాళ్ళతో మాట్లాడకూడదని రూలుంది. కానీ పొద్దున నేనే అందరికీ చెప్పిన మాటని ఒక తండ్రి మళ్ళీ చెబితే కొంపలేం మునగవు. ఓరకంట చూస్తూనే, పెరుగు ప్యాకెట్ చింపడంలో మునిగిపోయినట్టు నటించాను.

"సాజిదా, పుస్తకం చూడమ్మా."

ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "నాన్నా, మీరేనా ఈ మాటనేది?"

"నేనే. చూసి రాయి."

అంత చిన్న మాటకి ఆయన మొహమంతా చెమట పట్టింది. జేబురుమాలు తీసి తుడుచుకున్నారు.

లోపలికొచ్చాక సాజిదా మాన్యువల్ మీద వేలు పెట్టి, నొక్కకుండా చెయ్యెత్తింది. నేను పక్కన నిలబడాలట. తను చూస్తుండగా నేను చూడాలట, లేకపోతే దొంగతనంలా ఉంటుందట. పోలీసులా నిలబడ్డాను. కళ్ళు మూసుకుని నొక్కింది. ఇక అక్కణ్ణుంచి ఆ పిల్లని పట్టుకోలేం. మాన్యువల్ మొత్తం బట్టీ పట్టి వచ్చింది కదా, ఏ అధ్యాయం తర్వాత ఏదో వేళ్ళకి తెలుసు. మిగతా ముగ్గురూ విషయసూచికలోనే ఈదుతుంటే ఈమె తిన్నగా పేజీలో దిగింది. పేజీ చివర చిన్న అక్షరాల్లో ఒక సూచన ఉంది. రెండు బాక్సులూ ఒకదాన్నొకటి నమ్మాలంటే రెండిట్లోనూ తేదీ, టైమూ సరిగ్గా ఉండాలని. వెళ్ళి చూసింది. మైలవరం బాక్సు ఇంకా 1993లోనే ఉంది.

తేదీ మార్చింది. మైలవరం పలికింది.

సాజిదా బల్ల మీద ఒక్కటి చరిచి పకపకా నవ్వేసింది. ఎందుకో తెలియకుండానే మిగతా ముగ్గురూ నవ్వారు. సైలెన్స్ అని కసిరాను గానీ, ఆ కసిరేటప్పుడు నేనూ నవ్వుతూనే ఉన్నాను.

సాయంత్రం ఫలితం స్క్రీన్ మీదికొచ్చింది. పాసు. ఆ పిల్ల నన్ను వాటేసుకుని గిరగిరా తిప్పింది, నా చెప్పు ఒకటి ఎటో పోయింది. సంగతి వినగానే సుభాని మాస్టారు ఫోను తీసి, తనతో పాటు స్క్వాడ్ జీపులో తిరిగిన చల్లపల్లి మాస్టారికి కలిపారు. లాడ్జి కింది అంతస్తుకి కూడా వినపడే గొంతు ఆయనది.

"బాలశౌరి గారూ, అమ్మాయి పాసైందండీ. ఆఁ, చూసే రాసింది. పుస్తకం పక్కన పెట్టుకునే రాసింది."

అవతల ఏమన్నారో ఏమో, కాసేపు విన్నారు. కూతురి తల మీద చెయ్యి వేశారు.

"అబ్బే, దాని తప్పేం లేదండీ. చూడమని నేనే చెప్పాను."