గట్టుకి ఇవతలి పక్క

ఒక్క రాత్రి పడుకుని పొద్దున్నే వెళ్లిపోవడానికి రోమన్ సైనికులు చుట్టూ కందకం తవ్వి, ఆ మట్టితో పోసుకున్న గట్టు అది. రెండువేల ఏళ్లకి చాలామటుకు గడ్డిలో కలిసిపోయి, ఈశాన్యం మూల మాత్రం నడుమెత్తున మిగిలింది. నార్తంబర్లండ్‌లోని ఆ కొండ మీద హిల్డా డాడ్స్ వాళ్లు తరతరాలుగా గొర్రెలు కాస్తున్నారు. గట్టు దగ్గర రోమన్ల పేరున బోర్డు ఉంది గానీ, వీళ్ల పేరున ఎవరూ పెట్టలేదు. పెట్టించుకోవాలంటే ఒక్క రాత్రి ఉండి పోవాలి కాబోలు.

ఇప్పుడు ఆ గట్టు చుట్టూ కంచె వేస్తారట. భూస్వామి సరేనన్నాడు. కౌలుకి ఉన్న హిల్డా మాట ఎవరిక్కావాలి?

"గొర్రెల గిట్టల కింద చరిత్ర అరిగిపోతోందమ్మా," అన్నాడు పురావస్తు సంఘం అధ్యక్షుడు థర్ల్‌వెల్. పళ్ల డాక్టరుగా రిటైరైన మనిషి.

"తల్లి ఈనినచోటే కూతురూ ఈనుతుందండీ. ఎక్కడికి తోలినా మళ్లీ ఆ గట్టు మూలకే వస్తాయి. కంచె వేస్తే దాని బయట చలిగాలిలో ఈనుతాయి. పిల్లలు దక్కవు."

"వేరేచోటు అలవాటు చెయ్యండి."

"మీరే చెప్పి చూడండి. నా మాట వినవు."

రోమ్ నగరం పుట్టినరోజున మొదటి గుంజ పాతాలని సంఘం నిర్ణయించింది. ఏప్రిల్ నెల, గొర్రెలు ఈనే రోజులు. హిల్డా మరిది నెడ్ రాతిగోడ మీద కూర్చుని చూస్తున్నాడు.

"వదినా, మోకాళ్లు చూపించుకుంటూ సైన్యం వస్తోంది."

"ఊరుకో నెడ్, వింటారు."

సంఘం వాళ్లంతా రోమన్ సైనికుల వేషాలు కట్టారు: ఇనప టోపీలు, ఎర్రటి దుప్పట్లు. థర్ల్‌వెల్ సేనాపతి. గట్టు అవతల గుంజ పాతి, లాటిన్‌లో నాలుగు ముక్కలు చెప్పాడో లేదో, ఈశాన్యం నుంచి మంచుజల్లు కొట్టింది. వాళ్లు వేసుకున్న గుడారం లేచి లోయలోకి ఎగిరిపోయింది. మహాసైన్యం బరువైన టోపీలు పట్టుకుని గట్టుకి ఇవతలి పక్కకి పరిగెత్తి గొర్రెల మధ్య కూలబడింది. గొర్రెలు జరగలేదు. అది వాటి చోటు.

అప్పుడే ఒక గొర్రె కవలల్ని ఈనింది. హిల్డా ఒకదాన్ని తుడుస్తూ, కదలని రెండోదాన్ని సేనాపతి ఒళ్లో పెట్టింది.

"దుప్పట్లో పెట్టి రుద్దండి. గట్టిగా. పన్ను కాదు, విరగదు."

ఆయన రుద్దాడు. మోకాళ్లు నీలంగా మారినా రుద్దుతూనే ఉన్నాడు. కాసేపటికి పిల్ల చిన్నగా అరిచింది. హిల్డా తన ఫ్లాస్కులోని టీ ఆయనకే ముందు పోసింది.

"ఇక్కడ గాలే తగలడం లేదే," అన్నాడు ఆశ్చర్యంగా.

"లేదండీ. కంచె పడ్డాక ఇది ఎక్కడ ఈనాలంటారు?"

ఆయన పిల్లని ఇంకొంచెం దగ్గరకి పొదువుకున్నాడు.

మరుసటి వారం చర్చి హాల్లో థర్ల్‌వెల్ ఉపన్యాసం. గట్టు గాలిని ఆపుతుందనీ, గొర్రెలు మేస్తేనే తుప్పలు పెరగకుండా గట్టు నిలుస్తుందనీ, కంచె అనవసరమనీ తన పరిశోధనలో తేలిందన్నాడు. చప్పట్లు మోగాయి.

"పరిశోధనట. టీ తాగిన సంగతి చెప్పాడా చూడు," అని గొణిగాడు నెడ్.

"చెప్పుకోనీ. కంచె తప్పింది కదా."

పాతిన ఆ ఒక్క గుంజ మాత్రం అక్కడే ఉంది. గొర్రెలు దానికి వీపు రుద్దుకుంటున్నాయి.