ఎడమవైపు ముందు చక్రం

ఆయనకు ఇద్దరు పెళ్లాలు. ఒకావిడ వంటింట్లో ఉంటుంది, రెండోది షెడ్డులో ఉంటుంది. మొదటావిడ నడుం పట్టేసిందంటే "కాసేపు పడుకో" అని పేపరు తిరగేస్తాడు. రెండోది, అంటే కాలేజీ పిల్లలకంటే వయసులో పెద్దదైన ఆ డొక్కు కారు, కాస్త మూలిగితే చాలు, చొక్కా విప్పి దాని కిందకి దూరిపోతాడు. మొగుడితో నాలుగు మాటలు ఆడాలంటే తనూ వెళ్లి ఆ షెడ్డు నేలమీద పడుకోవాలేమోనని ఇల్లాలికి చాలాసార్లు అనిపించింది. చీర పాడవుతుందని ఊరుకుంది.

మెకానిక్ చెయ్యి పడితే బండి చెడుతుందని ఆయన నమ్మకం. అందుకని వైద్యమంతా ఇంట్లోనే. ఎడమవైపు ముందు చక్రం దగ్గర గుంతలో పడ్డప్పుడల్లా టకటకమని చప్పుడొచ్చేది. చక్రాన్ని బండికి పట్టి ఉంచే బాల్ జాయింట్ అరిగితే అలాంటి చప్పుడే వస్తుంది. ఆదివారం రాగానే దాని మూతిలో గ్రీజు కుక్కేవాడు. రెండు రోజులు నోరు మూసుకునేది. మళ్లీ మొదలయ్యేది. మళ్లీ గ్రీజు.

స్టీరింగ్ సంగతి ఇంకోటి. బెత్తెడు తిప్పేదాకా చక్రాలకు కబురందదు. పైగా బండి ఎడమకు లాగుతుంది. తిన్నగా పోవాలంటే ఎప్పుడూ కాస్త కుడికి తిప్పి పట్టుకోవాలి. ఆయనకది అలవాటైపోయింది. గుంత కనిపిస్తే ఎడమ చక్రం అందులో పడకుండా, ముళ్లమీద నడిచేవాడిలా ఒయ్యారంగా తప్పించేవాడు. అది జబ్బని మర్చిపోయి తన పనితనం అనుకోవడం మొదలుపెట్టాడు.

"ఇది నా చేతికి తప్ప ఇంకెవరికీ లొంగదు" అని మీసం దువ్వేవాడు.

ఒకసారి ఇల్లాలి తమ్ముడు పక్క సీట్లో కూర్చుని చెవి రిక్కించాడు.

"బావా, ముందు చక్రంలో ఏదో టకటకలాడుతోంది. ఎవరికైనా చూపించరాదూ?"

"ఏరా, కత్తెర పట్టేవాడివి, నీకు చక్రం సంగతెందుకు? పగలంతా మిషను చప్పుడు వినీ వినీ నీ చెవులు పాడైనట్టున్నాయి. ముందు వాటిని చూపించుకో."

తమ్ముడు నవ్వేశాడు. వాడు దర్జీ. గుడ్డమీద సుద్దతో గీత గీసి, కత్తెర ఆపకుండా ఒక్క ఊపులో పోనిచ్చేవాడు. పెళ్లికొడుకుల కోట్లు కుట్టించుకోవడానికి పక్క ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు.

ఒకరోజు మధ్యాహ్నం తమ్ముడు పరదాలు కుట్టి తెచ్చి ఇచ్చిన వేళే, ఆయనకు మూత్రపిండంలో రాయి కదిలింది. మెలికలు తిరిగిపోయాడు. "చచ్చిపోతున్నానే" అని కేకలు. అంబులెన్సుకు ఫోన్ చేస్తే ఇంకెక్కడో ఉందన్నారు. తమ్ముడే ఆయన్ని ఎత్తి కారులో పడేసి తాళం తీసుకున్నాడు. ఇల్లాలు వెనక సీట్లో కూలబడింది.

"తొందరగా పోనీరా!" అని బావ అరుపు. స్టీరింగ్‌ను కుడికి పట్టి ఉంచాలని గాని, ఎడమ చక్రాన్ని గుంతలో పడనివ్వకూడదని గాని అరవలేదు. అరవాలని తోచనూ లేదు. అలవాటైపోయిన లోపం గుర్తుకొస్తుందా?

వంతెన ముందు మలుపులో రోడ్డు అడ్డంగా తవ్వి వదిలేశారు. చక్రం అందులో ఎగిరిపడింది. కింద ఫట్‌మని ఏదో తెగింది. ఎడమ చక్రం కాలు విరిగిన మేకలా పక్కకు వాలిపోయింది. బండి గోడను కొట్టుకుంది. స్టీరింగ్ గిర్రున తిరిగి తమ్ముడి కుడిచేతిని తన ఊచల మధ్య మెలేసింది. ఆ ఎముకల చప్పుడు ఇల్లాలికి వెనక సీట్లోకి వినిపించింది.

బావకు నుదుటిమీద చిన్న బొప్పి కట్టింది. రాయి కూడా ఆసుపత్రిలో దానంతటదే జారిపోయింది. తమ్ముడి చేతికి మాత్రం ఆపరేషను మీద ఆపరేషను చేశారు. చివరికి డాక్టరు, "చెయ్యి మిగిలింది. గుప్పిట మాత్రం మూసుకోదు. బొటనవేలి మీద ఆశ పెట్టుకోకండి" అన్నాడు.

పరామర్శకు వచ్చిన ప్రతివాళ్లతోనూ ఆయన ఒకే ముక్క చెప్పాడు. "ఇన్నేళ్లు నేను నడిపాను, ఒక్క గీత పడలేదు. పాపం, వాడు కంగారుపడ్డాడు." అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అదే దాని గొప్పతనం.

తమ్ముడు అది నమ్మేశాడు. చూడటానికి ఇంటికి వెళ్లిన అక్కతో, "బావను చంపేసేవాడినే అక్కా. ఈ చేతికి తగిన శాస్తే జరిగింది" అన్నాడు. నిద్ర పట్టడం లేదట. కళ్లు మూస్తే గోడ మీదకొస్తోందట. మరదలు, అంటే తమ్ముడి పెళ్లాం, వంటింట్లోంచి గిన్నెలకు చెబుతున్నట్టుగా, "ఒక్క మలుపు తిప్పడం రానివాడికి బండెందుకో, ఇంత చేటెందుకో" అని సణిగింది. వాడు తల దించుకున్నాడు.

విరిగిన కారును లాక్కొచ్చి షెడ్డులో పడేశారు. ఆయన మర్నాడే దాని కిందకి దూరాడు. ఇల్లాలు మంచినీళ్లు పట్టుకెళ్లేసరికి ఏదో తుడిచి చొక్కా జేబులో వేసుకుంటున్నాడు.

"ఏమైందో తెలిసిందా?"

"తెలిసేదేముంది? గోడకు కొడితే విరగదా?"

ఆ చొక్కాను ఉతకడానికి తీస్తే జేబు బరువుగా తగిలింది. వేలెడు ఇనప ముక్క. బాల్ జాయింట్ మెడ. విరిగినచోట సగం తళతళా మెరుస్తోంది, మిగతా సగం నల్లగా తుప్పు పట్టి ఉంది. మెరిసేది ఆ రోజు విరిగిన భాగం. తుప్పు పట్టింది ఎప్పటినుంచో చీలి, ప్రతి ఆదివారం గ్రీజు మింగుతూ కూర్చున్న భాగం. ఒక్క పూటలో అంత తుప్పు పట్టదని పెనం తోముకునే మనిషికి ఎవరైనా చెప్పాలా?

ఆ మధ్యాహ్నం ఆయన కంచంమీద మూత తీస్తే, అన్నం పక్కన ఆ ముక్క ఉంది.

"ఇదేంటి?"

"మీ రెండో పెళ్లాం ఎముక. కడిగే పెట్టాను."

"అంటే... గోడకు తగిలినప్పుడు..."

"విరగ్గొట్టింది గోడ, సరే. తుప్పు కూడా గోడే పట్టించిందా?"

ఆయన అన్నం కలపలేదు. "వాడితో చెబితే ఏమొస్తుంది? చెయ్యి తిరిగొస్తుందా?" అన్నాడు.

"చెయ్యి రాదు. నిద్రొస్తుంది."

ఆయన లేచి షెడ్డులోకి పోయాడు. ఈసారి కారు కిందకి దూరలేదు. బానెట్ మీద చెయ్యి వేసి ఊరికే నిలబడ్డాడు. ఆవిడ గుమ్మం దగ్గర చెప్పులేసుకుని నిలబడింది. ఆయన వెనక్కొచ్చి, కంచంలోని ముక్క తీసి జేబులో వేసుకుని ఆవిడ వెంట నడిచాడు.

తమ్ముడింటికి వెళ్లేసరికి వాడు బల్లమీద పాత దుప్పటి పరిచి ఎడమచేత్తో కత్తెర ఆడిస్తున్నాడు. గీత ఒకవైపు, కత్తెర ఇంకోవైపు. అక్కను చూసి దుప్పటిని గబగబా మడిచేశాడు.

"రా బావా, కూర్చో. రాయి నొప్పి తగ్గిందా?"

ఆ మాటకు ఆయన కూర్చోలేకపోయాడు. జేబులోంచి ముక్క తీసి బల్లమీద, సుద్దముక్క పక్కన పెట్టాడు.

"ఈ నల్లటి సగం చూడరా. ఇది నీ చేతిలో విరగలేదు. ఎప్పుడో నా చేతిలోనే విరిగింది. టకటకమంటోందని నువ్వు చెప్పావు. నీ చెవులు పాడయ్యాయన్నాను. దాని నోట్లో గ్రీజు కుక్కి దాన్ని నోరు మూయించాను. తప్పు నాదిరా."

తమ్ముడు ఆ ముక్కను తీసుకోబోయాడు. కుడిచేతి వేళ్లు దానిమీదకు వచ్చి, పట్టుకోలేక అలాగే ఆగిపోయాయి. వంటింట్లో గిన్నెల చప్పుడు మాత్రం ఆగలేదు.

"మరదలికి వినపడినట్టు లేదు" అంది ఇల్లాలు.

ఆయన భార్యవంక చూశాడు. ఆవిడ తల తిప్పుకోలేదు. ఆయన రెండడుగులు వేసి వంటింటి గుమ్మం పట్టుకున్నాడు.

"అమ్మాయ్, వాడు బండి సరిగ్గానే నడిపాడు. తప్పు నాది."