మల్లి కన్నీటిచుక్క

స్వర్ణ మొదటిసారి లింగమ్మ ఇంటికి సూదితోనే వెళ్ళింది. ఆమె యూనివర్సిటీ ల్యాబులో, పిల్లులకు వచ్చే ఒక వైరస్ మీద పరిశోధన చేస్తోంది. తార్నాకలో లింగమ్మ పెంచుకునే తెల్లపిల్లి మల్లి చిక్కిపోతోందని విని రక్తం తీయడానికి వచ్చింది. గోనెసంచిలో చుట్టి పట్టుకుంటే మల్లి పెట్టిన అరుపులకు గల్లీ అంతా తలుపులు తెరిచి చూసింది. వదలగానే మల్లి అటకెక్కి కూర్చుంది.

రక్తంలో వైరస్ కనిపించింది. కానీ కొన్ని పిల్లులు దాన్ని తమంతట తామే వదిలించుకుంటాయి. అందుకే కొన్నాళ్ళాగి మళ్ళీ చూడాలి.

"మల్ల సూదా? వద్దు బిడ్డా," అంది లింగమ్మ. "అది మల్ల నా ఒళ్ళెకు వచ్చెటాలకు నా పాణం మీదికొచ్చింది."

అయినా తెలుసుకోవాలని ఆమెకూ ఉంది. ఎవరో వదిలేసిన పిల్లికూనను వంటింట్లో విడిగా ఉంచింది. మల్లికి వైరస్ పోతేనే రెండింటినీ కలపొచ్చు.

సూది లేకుండా పరీక్ష చేసే దారి ఉందా అని స్వర్ణ తన గైడు సుందరరావును అడిగింది. "వైరస్ కన్నీళ్ళలో కూడా దొరుకుతుంది. ఒక్కోసారి తప్పించుకుంటుందనుకో. ప్రయత్నించి చూడు," అన్నాడాయన.

కొన్ని వారాల తర్వాత ఒక మధ్యాహ్నం ముసురు పట్టింది. లింగమ్మ వరండాలో వెలుతురు పాలలో నీళ్ళు కలిపినట్టు పల్చగా ఉంది. చూరు నీళ్ళు ఒకే రాగం పట్టుకున్నాయి. లింగమ్మ ఒళ్ళో మల్లి నిద్రపోతోంది. స్వర్ణ ఊపిరి బిగబట్టి, సన్నని కాగితపు ముక్క కొసను దాని కింది రెప్పకు ఆనించింది. మల్లి కన్ను సగం తెరిచి చూసి మళ్ళీ మూసుకుంది. కాగితం మెల్లమెల్లగా తడిసింది. ఆ కాసేపూ ముగ్గురూ ఒకే నీటి అడుగున ఉన్నట్టనిపించింది స్వర్ణకు.

మర్నాడు ల్యాబులో, కాగితం నుంచి దిగిన తడిని పరీక్ష పళ్ళెంలోని చిన్న గుంటలో వేసి, కడిగి, రంగు తేల్చే మందు చివరి చుక్క వదిలింది. వైరస్ ఉంటే నీలం వస్తుంది. కిటికీ అవతల తడిసిన చెట్లు కదలకుండా నిలబడ్డాయి. గుంట అడుగున లేత నీలం పొగలా లేచి, చూస్తుండగానే చిక్కబడింది.

నిద్రపోతున్న పిల్లి కంటి తడి కూడా నిజం చెప్పింది. ఎగిరి గంతెయ్యాలనిపించింది స్వర్ణకు. మరుక్షణమే లింగమ్మ ఒళ్ళో నిద్రపోయే మల్లి గుర్తొచ్చింది.

సాయంత్రం ఆమె ముఖం చూడగానే లింగమ్మ అడిగింది. "ఉన్నదా?"

"ఉన్నది పెద్దమ్మా."

"నిద్రల తీసిన గా తడితోనే తెల్సిందా?"

"తెల్సింది."

లింగమ్మ చాలాసేపు మల్లి వీపు నిమిరింది. "పోనీ. దాన్ని బాధ పెట్టకుండ తెల్సుకున్నం. ఇంక ఉన్నన్నాళ్ళు నా తానే ఉంటది."

కూన నల్లకుంటలో ఉన్న లింగమ్మ చెల్లెలింటికి వెళ్ళింది. మల్లి ఆ చలికాలం, దాని తర్వాతి ఎండాకాలం కూడా బతికింది. స్వర్ణ కాగితం ముక్కలు పట్టుకుని అప్పుడప్పుడూ వస్తూనే ఉండేది. మిగతా చోట్ల కూడా ఎన్నో పిల్లులు ఆమె చేతుల్లో ఉలిక్కిపడకుండా పరీక్ష చేయించుకున్నాయి. పని లేని రోజుల్లో కూడా వచ్చి, ఆ వరండాలో గోడకానుకుని, వాన వింటూ నిద్రపోయేది.