తాడు లేని టీచరమ్మ

పొద్దున ఏడింటికల్లా చంద్రవ్వ చీపురు పట్టుకొని స్టాఫు బిల్డింగు మెట్లెక్కుతుంది. వికారాబాద్ దాటినాక రోడ్డు పక్కనే ఆ యూనివర్సిటీ. అక్కడ ఊడ్చే పని కన్నా తాళ్లు ఎత్తి పక్కన పెట్టే పనే ఎక్కువ. అక్కడి సార్లు, మేడమ్‌లు ఏది గుంజితే వచ్చారో దాని నుంచి వాళ్ల నడుము దాకా ఒక్కొక్కరికి ఒక తాడు ఉంటుంది మరి. ఒక సారు తాడు ఏసీ క్వార్టరు లోపలికి పోతుంది. ఒక మేడమ్ తాడు హైదరాబాద్ పోయే రైలు దిక్కు, మధ్యాహ్నం రెండింటికే బిర్రుగ బిగుసుకుంటుంది. లెక్కల హెడ్డు నాగేశ్వర్ సారుది ఎటూ పోదు. ఆయన కుర్చీకే మూడు చుట్లు చుట్టుకొని ఉంటుంది.

బర్రెను కట్టేస్తే పాలన్నా ఇస్తది, వీళ్లేమిస్తరు, అనుకుంటుంది చంద్రవ్వ. పైకి అనదు. ఆమె ఎవరితోనూ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు.

తాడు లేనిది ఒక్క తూబాకే. తాండూర్ నుంచి ప్యాసింజర్ బండిలో వచ్చి ఐదేండ్లుగా లెక్కలు చెబుతున్న గెస్టు టీచరు. ఆమె వేళ్ల నుంచి మాత్రం సాలెగూడు పోగుల్లాంటి దారాలు క్లాసు పిల్లల దాకా ఉంటాయి, ఒక్కో పిల్లకు ఒకటి. వాటిని ఎవరూ పట్టించుకోరు.

ఇప్పుడు లెక్కలకు ఒక పర్మనెంటు పోస్టు పడింది. ఇది రాకుంటే చదువు చెప్పడం మానేసి పాలిష్ బండల దుకాణంలో కూర్చుంటానని తూబా తన తల్లి రుఖియాకు మాట ఇచ్చి వచ్చింది.

ఇంటర్వ్యూ రోజు చంద్రవ్వ చాయ్ పట్టుకొని లోపలికి పోయేసరికి హైదరాబాద్ నుంచి పోస్టు కోసం వచ్చిన కౌశిక్ కూర్చొని ఉన్నాడు. నడుముకు తాటిచెట్లెక్కే గౌండ్లోళ్ల మోకంత లావు తాడు. కిటికీలోంచి బయటపడి, గోడ వెనక ఆయన కొన్న ప్లాట్ల దాకా పోతోంది.

"మా దగ్గరికే ఎందుకు రావాలనుకున్నరు?" అన్నాడు నాగేశ్వర్.

"పల్లె పిల్లలకు సేవ చేద్దామని సార్."

సారు కుర్చీతో సహా లేచి ఆ తాడును జానెతో కొలిచి, మురిసిపోయి కూర్చున్నాడు. తర్వాత తూబాను పిలిచారు.

"నీ తాడేదమ్మా?"

"లేదు సార్. పిల్లలు నిన్న చెప్పింది ఇవాళ మళ్ల అడుగుతరు. అందుకే వస్త."

ఆమె బయటికి పోయాక సారు బిస్కెటు చాయ్‌లో ముంచాడు. "తాడు లేకున్నా ఐదేండ్లు వచ్చింది. రేపు గూడ వస్తది. ఎట్లనన్న వచ్చేటోళ్లకు పోస్టెందుకు? పోస్టు లేకుంటే రానన్నోనికి ఇయ్యాలె గని."

అందరూ నవ్వారు. చంద్రవ్వ కప్పులు ఎత్తుకొని వచ్చి, వాటిని అరుగు మీదే వదిలేసి గేటు దాకా ఉరికింది.

"నీకియ్యరు బిడ్డా. ఎట్లనన్న వస్తదని నవ్వుకుంటుండ్రు."

"వస్త కద అవ్వా," అంది తూబా. "అమ్మీకి మాటిచ్చిన గని, పొద్దుగాల ఆరైతే వేళ్లు గుంజుతయి. ఆగనియ్యవు."

"దారానికి రెండు కొసలుంటయి. నువ్వు గుంజి చూసినవా ఎన్నడన్న?"

తూబా తన వేళ్ల దిక్కు చూసుకుంది. స్టేషన్ దిక్కు పోయే బస్సెక్కింది.

సోమవారం ఆమె రాలేదు. పోస్టు దక్కిన కౌశిక్ క్లాసులో కూర్చొని ఫోనులో ప్లాట్ల ఫోటోలు చూసుకుంటున్నాడు. పదింటికి రెండో బెంచీలో హాసిని లేచి, సంచి భుజానికేసుకొని బయటికి నడిచింది. ఆ వెనక నలభై మందీ. అరవలేదు, కొట్లాడలేదు. చంద్రవ్వ వరండాలో పక్కకు జరిగి దారి ఇచ్చింది.

"తలుపు వేసి పోండి, ఏసీ పోతది," అన్నాడు కౌశిక్, తల ఎత్తకుండానే.

హాస్టల్లో పెట్టె కోసం వచ్చినప్పుడు హాసిని చెప్పింది. "దారం గుంజి, పతంగి దించినట్టు దించింది అవ్వా టీచరమ్మ మమ్ముల. తాండూర్ల వాళ్లింటి ముంగట బండ మీద సుద్దతోని రాసి చెప్తది. రుఖియమ్మ అందరికీ అటుకులు పెడ్తది."

"మరి బండల దుకాణం?"

"తీరిక యాడిది."

నెల గడిచింది. పిల్లలు లేని చోట పోస్టెందుకు, హెడ్డెందుకు అని పైనుంచి కాగితం వచ్చింది. కౌశిక్‌కు ఫికర్ లేదు, ప్లాట్ల దగ్గరికి పోయి అక్కడే ఉండిపోయాడు. పక్క క్లాసుల పిల్లలకు కూడా దారాలు మొలుస్తున్నాయి, అన్నీ తాండూర్ దిక్కే.

ఒకనాడు పొద్దున నాగేశ్వర్ సారు కుర్చీని ఈడ్చుకుంటూ వరండాలోకి వచ్చాడు. చేతిలో తూబా పేరున పర్మనెంటు ఆర్డరు.

"చంద్రవ్వా, ఆ పిల్ల ఇల్లు ఎరుకనా? ఫోన్ ఎత్తుతలేదు."

"గీ దారాలు పట్టుకొని పోండ్రి సార్. దొరుకుతది."

"ఏ దారాలు? నాకేం కనిపిస్తలేవు."

"జర వంగుండ్రి."

సారు ఇస్త్రీ ప్యాంటు మోకాళ్లు నేలకు ఆనించాడు. కుర్చీ ఆయన వీపు మీదికి వచ్చి పడింది.

"కనిపిస్తలేవే."

"ఇంకింత వంగుండ్రి సార్," అంది చంద్రవ్వ, చీపురు ఆపకుండా.